కప్పు కింద – 14: ఎర్ర దారంతో కుట్టిన పేజీ

ఆదివారం సాయంత్రం పాత లైన్లలో, బొగ్గుబాయి కార్మికులు ఖాళీ చేసిన పాత ఇళ్ళలో, గోడ కూలింది. ఆ గోడ కింద శ్యామ్ పడ్డాడు. అక్కడి నుంచి పరుగెత్తుతూ కనిపించిన అతని స్నేహితుడు, శోభ కొడుకు వేణుమాధవ్ ఆ తరువాత ఇంటికి రాలేదు. మనం శోభను వదిలిపెట్టిన చోట, ఆమె చెయ్యి కొడుకు పరుపు కిందికి పోయి ఒక పొడుగు నోటుబుక్కును తాకింది.

ఇప్పుడు సోమవారం, మధ్యాహ్నం రెండు కావస్తోంది. మార్చి ఎండకు క్వార్టర్ పైకప్పు పెనంలా కాలుతోంది. మొగుడు సదానందం పొద్దున డ్యూటీకి పోకుండా కొడుకును వెతకడానికి పోయినవాడు ఇంకా రాలేదు. దవాఖానలో శ్యామ్ కళ్ళు తెరవలేదు. తెరవకుండానే పోతే? ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ శోభ లేచి గడియ పెట్టి ఉందో లేదో చూసి వస్తోంది. గడియ పెట్టే ఉంది. పెట్టి ఉన్నా చూసి వస్తోంది.

నోటుబుక్కు తెరిచింది. ఆమె చదివింది ఏడో తరగతి. కొడుకు తెలుగు రాత కూడబలుక్కుని చదవగలదు. నల్ల పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు.

"కొత్త ప్యాక్‌ల ఏమేం ఫౌజులొస్తయో మన అంచనా.

కత్తిదంతాల ఏనుగు. దంతాలకు రెండు మూరల కత్తులు కట్టాలె. ముందు వరుసోళ్ళ పేగులు తీసేస్తది. నిప్పు చూస్తే మాత్రం బెదిరి సొంతోళ్ళనే తొక్కుతది.

ఒంటె మీది తుపాకి. ఒంటె పడ్డా కాల్చుడు ఆగద్దు.

కాగే నూనె పోసేటోళ్ళు. నిచ్చెన ఎక్కెటోని మొఖం మీద పోస్తే తోలు ఊడొస్తది. వాడు పడుడు పడుడు కిందున్న నలుగురిని తీస్కపోతడు."

ప్రతి మాట కిందా నీలి సిరాతో ఇంగ్లీషులో ఏవో గీతలున్నాయి. అవి ఆమెకు రావు. పేజీ తిప్పింది.

"బేల్దార్లు. కోటగోడ కింద సురంగం తవ్వి, గోడ బరువు కట్టెమొద్దుల మీదికి తెచ్చి, మొద్దులకు నిప్పు పెట్టేటోళ్ళు. మొద్దులు కాలంగనే గోడ కూలుతది. లోపలున్నోడు ఒక్కడు మిగలడు."

దాని కింద గీత కొట్టి, ఇంకో మాట.

"ఆదివారం. పాత లైన్లు. శ్యామ్ లోపల. నేను కింద. నాలుగు గంటలకు నిప్పు."

శోభ కిటికీ వెలుగులోకి జరిగింది. మళ్ళీ చదివింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం పట్టుకుని చదివింది. అక్షరాలు మారలేదు. శ్యామ్ లోపల. నేను కింద. నిప్పు. ఇది ఆట అని ఆమెకు తెలుసు. ఎవరు నమ్ముతారు? బయట ఊరంతా తెలంగాణ ధర్నాలు, బందులు. ఇక్కడివాడు, అక్కడివాడు అనే మాట తప్ప ఇంకో మాట లేని రోజులు. శ్యామ్ గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆఫీసరు కొడుకు. వేణు బొగ్గుబాయిలో పనిచేసేవాడి కొడుకు. ఈ ఒక్క పేజీ చాలు, పగబట్టి చంపాలని చూశాడు అనడానికి.

చివర్న రెండు పేజీలు ఒకదానికొకటి అంటించినట్టున్నాయి. చూస్తే దారంతో కుట్టి ఉన్నాయి. ఎర్ర దారం. తన కుట్టుపెట్టెలోదే.

*

ఆట అని ఆమెకు ఎట్లా తెలుసంటే, పది రోజుల కిందట ఈ గదిలోనే కూర్చుని ఇద్దరూ సర్వపిండి తింటూ కొట్లాడుకున్నారు. శ్యామ్ వాళ్ళ ఇంట్లో కంప్యూటర్ ఉంది. అందులో పాతకాలపు రాజుల యుద్ధాల ఆట ఒకటి ఉంది. కోటలు కట్టాలి, ఫౌజులు పెంచాలి, ఎదుటివాడి కోట పడగొట్టాలి. దానికి కొత్త ప్యాక్ వస్తోందట, మన దక్కను రాజులతో. ప్రపంచంలో ఆ ఆట ఆడే వాళ్ళందరూ ఇంటర్నెట్టులో ఒక చోట చేరి, ఏ ఫౌజులు వస్తాయో ఊహించి రాస్తున్నారట.

"ఆరు కొత్తవి రా. నాలుగు చెప్పేశారు, రెండు దాచిపెట్టారు," అన్నాడు శ్యామ్ నోట్లో ముక్కతోనే.

"దాచింది బేల్దార్లనే. రాసిస్త, కావాలంటే సంతకం పెడత."

"నీకెక్కడ చూసినా తవ్వుడే కనిపిస్తుంది. బాయి బుద్ధి!"

"మరి నీకు? పైన కుర్చీల కూసోని సూసుడు. ఆఫీసర్ బుద్ధి!"

ఇద్దరూ విరగబడి నవ్వారు. శోభ కూడా నవ్వింది. వెంటనే నవ్వు ఆపుకుంది. ఇంత నవ్వు మంచిది కాదేమో అనిపించింది ఆమెకు, ఎప్పటిలాగే.

అప్పుడు శ్యామ్ ముఖం చిన్నబుచ్చుకుని చెప్పాడు. వేణు రాసిన బేల్దార్ల సంగతి తను ఇంగ్లీషులో పెడితే, ఎవడో విదేశీయుడు వెక్కిరించాడట. కట్టెలు కాలిస్తే గోడ కూలడం కట్టుకథ, పోయి ఇంకో ఆట ఆడుకో అని రాశాడట. వేణు మొహం ఎర్రబడింది.

"మా బాపు ఇరవై ఆరేండ్ల సంది కొండంత కప్పును కట్టెల మీద ఆపుతుండు. వానికేం ఎరుక? బాపూ, నువ్వే చెప్పు!"

స్నానం చేసి తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు సదానందం. బాయిలో అతనిది టింబర్‌మన్ పని. బొగ్గు తీసిన చోట పైకప్పు మీద పడకుండా మొద్దులు నిలబెట్టడం, పని అయినాక ఆ మొద్దులు లాగేసి కప్పును పడనివ్వడం.

"కూలుతది బిడ్డా, ఎందుకు కూలది? కట్టె తీస్తే కొండైనా కూలుతది. గాని కట్టె మోసం చెయ్యది. పడే ముందు మాట్లాడుతది. టక్ మంటది. కొంచెమాగి టక్ టక్ మంటది. ఇనెటోడు బతుకుతడు, ఇననోడు అండ్లనే ఉంటడు."

శ్యామ్ ఎగిరి లేచాడు. "అంకుల్! అయితే కోట లోపలివాడు కూడా వినొచ్చు కదా! కింద తవ్వుతున్నారని ముందే తెలుసుకోవచ్చు కదా! ఒరేయ్, దాచిపెట్టిన రెండో ఫౌజు అదే. ఆలకించేవాళ్ళు! నేల మీద నీళ్ళ పళ్ళెం పెట్టి, నీళ్ళు వణికితే కింద సురంగం ఉన్నట్టు! ఆంటీ, ఒక పళ్ళెం ఇస్తారా?"

పెండ్లినాడు పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి పళ్ళెం ఇచ్చింది. అందులో నీళ్ళు పోసి వాకిట్లో పెట్టి, వేణు రోకలితో నేలను దంచుతుంటే, నీళ్ళలో రింగులు రింగులుగా అలలు లేచాయి. ఇద్దరూ చిన్నపిల్లల్లా కేకలు వేశారు. పంతొమ్మిదేళ్ళ మగపిల్లలు. ఆ పళ్ళెం మళ్ళీ అల్మారాలో చేరిందో లేదో ఆమె చూసుకోలేదు.

*

జీపు ఆగిన చప్పుడైంది. దాని వెనుక రెండు మోటారుసైకిళ్ళు.

కిటికీ సందులోంచి చూసింది. ముందు దిగినవాడు పట్టాభిరామయ్య, శ్యామ్ తండ్రి. రాత్రంతా దవాఖాన బెంచీ మీద కూర్చున్న మనిషి, చొక్కా మీద కొడుకు నెత్తురు ఎండి నల్లబడి ఉంది. వెనుక ఆయన బావమరిది భాస్కరం, లారీల కంట్రాక్టరు. చేతిలో జాకీ రాడ్. ఇంకో ముగ్గురు.

శోభ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ కథ ఇంకో తోవన పోయేది. పెరట్లోకి ఉరికింది. గ్యాసు వచ్చినా ఈ కాలనీలో నీళ్ళు కాగేది బొగ్గు పొయ్యి మీదే. పొద్దున రాజేసిన పొయ్యిలో బొగ్గు ఇంకా ఎర్రగా ఉంది. నోటుబుక్కును అందులోకి తోసి, పైన రెండు బొగ్గు పెళ్ళలు వేసి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "శ్యామ్ లోపల" అన్న మాట కాలిపోతే, ఆ పని కూడా జరగనట్టే అవుతుందని తల్లి మనసుకు అనిపించింది.

అప్పటికే తలుపు మీద రాడ్ పడుతోంది. మూడో దెబ్బకు గడియ ఊడి ఎగిరి గోడకు తగిలింది.

"ఏడీ వాడు? ఎక్కడ దాచావు?" భాస్కరం లోపలికి వస్తూనే రాడ్ విసిరాడు. టీవీ అద్దం పగిలి ఇల్లంతా చిందింది.

"ఇంట్ల లేడు సారూ. నిన్నటి సంది రాలే. నీ కాళ్ళు మొక్కుత."

"కాళ్ళు తర్వాత మొక్కు. ఇదేంటో చెప్పు ముందు."

అతని వెనుకవాడు సంచిలోంచి ఒక వస్తువు తీసి నేల మీద విసిరాడు. అది గిర్రున తిరుగుతూ మోగి మోగి ఆమె కాళ్ళ దగ్గర ఆగింది. ఇత్తడి పళ్ళెం. ఒక పక్క సొట్టపోయింది. అంచు మీద నెత్తురు, సిమెంటు దుమ్ము. ఆ దుమ్ము కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు: శోభ.

"మా వాడి తల పక్కన దొరికింది. మీ ఇంటి పళ్ళెం అక్కడికెట్లా పోయింది? తిండి పెడతామని పిలిచారా? పిలిచి వాడి మీద గోడ పడేశారా?"

"కాదు సారూ! ఆట అది. పిల్లల ఆట. నీళ్ళు పోసి సూస్తరు. కింద తవ్వేటోడున్నడా లేడా అని."

"ఆటా?" పట్టాభిరామయ్య మొదటిసారి మాట్లాడాడు. గొంతు పగిలిన కుండలా ఉంది. "అమ్మా, నా కొడుకు పుర్రె పగిలింది. పక్కటెముకలు మూడు విరిగాయి. మీరు ఆట అంటున్నారు."

శోభ తలెత్తి ఆయనను చూసింది. ఆయన కళ్ళలో ఉన్నది కోపం కాదు. నిన్నటి నుంచి తన కళ్ళలో ఉన్నదే ఆయన కళ్ళలోనూ ఉంది.

"పుస్తకం ఒకటుందట కదా, ఇద్దరూ రాసుకునేది. వాడి చెల్లెలు భవ్య చెప్పింది. అదెక్కడ?" అన్నాడు భాస్కరం.

"నాకెరుక లేదు సారూ."

మంచం బోర్లా పడింది. పరుపు చీలింది. బియ్యం డబ్బా తలకిందులైంది. భాస్కరం ఆమె జుట్టు పట్టుకుని గోడకు అదిమాడు. కళ్ళ ముందు తెల్లటి మెరుపు మెరిసింది. "చెప్పు! చెప్పకపోతే నీ కొడుకు దొరికినప్పుడు వాడి తల ఇంతకు పదింతలు పగులుతుంది."

"శోభా!"

గుమ్మంలో సదానందం. కొడుకును వెతికి వెతికి కాళ్ళు పుండ్లు పడి వచ్చాడు. చూశాడు. ఒక్క అంగలో భాస్కరం మీదికి దూకి గోడకేసి కొట్టాడు. రాడ్ గాలిలోకి లేచింది. సదానందం ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ముంజేయి మధ్యలో వంగిపోయింది. రెండో దెబ్బ చెవి పైన తగిలి నెత్తురు మెడ మీదుగా కారింది.

"వామ్మో! సదన్నను సంపుతుండ్రు! రాండ్రి, రాండ్రి!" పక్కింటి లస్మవ్వ రోకలి పట్టుకుని అరుస్తోంది. లైనంతా తలుపులు తెరుచుకున్నాయి. రెండో షిఫ్టుకు పోబోతున్న మగవాళ్ళు పారలతో, కర్రలతో వాకిట్లో నిలిచారు.

"ఎవడ్రా మా కాలనీలకొచ్చి మా అన్నను కొట్టినోడు?"

"బయటికి రా బిడ్డా, మా రుచి కూడా సూస్తువు!"

లోపల సదానందం కుడిచెయ్యి గోడకు తగిలించిన గొడ్డలి మీద పడింది. మొద్దులు చెక్కే గొడ్డలి. ఇరవై ఆరేళ్ళ అరచేతి నునుపు ఉన్న పిడి. దాన్ని ఎత్తాడు. భాస్కరం రాడ్ ఎత్తాడు. ఇద్దరి మధ్య రెండు మూరల దూరం. బయట ముప్పై మంది. ఒక్క దెబ్బ పడితే ఇక ఈ ఇంట్లోనే కాదు, ఈ ఊళ్ళోనే ఆగదని శోభకు తెలిసిపోయింది. పోయి మొగుడి నడుము చుట్టేసింది. "వద్దు! నాకు కొడుకు లేడు, నువ్వు కూడ జైలుకు పోతవా? వద్దయ్యా!"

అప్పుడు పట్టాభిరామయ్య జేబులో ఫోను మోగింది.

అది ఎవరి ఫోనో చూడగానే ఆయన మొహంలో నెత్తురు లేకుండా పోయింది. కూతురు భవ్య, దవాఖాన నుంచి. ఆయన బటన్ నొక్కాడు గానీ చెవి దగ్గరికి తీసుకుపోయే ధైర్యం రాలేదు. స్పీకరు చేసి అరచేతిలో పట్టుకున్నాడు.

"నాన్నా! అన్నయ్య కళ్ళు తెరిచాడు! మాట్లాడుతున్నాడు!"

ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గాజు పెంకులు గుచ్చుకుంటున్నా తెలియలేదు.

"నాన్నా, వినండి. అన్నయ్య ఏం చెప్తున్నాడంటే, వేణు కావాలని ఏమీ చెయ్యలేదంట. కట్టెలు కాలిస్తే గోడ కూలుతుందని రుజువు చెయ్యడానికి ఇద్దరూ కలిసే చేశారంట. గోడ బయటికి పడాల్సింది, లోపలికి పడిందంట. పక్కకు తప్పుకోమని వేణు అరిచాడంట, పళ్ళెంలో నీళ్ళు కదల్లేదు కదా అని అన్నయ్యే మొండిగా నిలబడ్డాడంట. రాళ్ళ కింద నుంచి లాగింది కూడా వేణునే. అన్నీ పుస్తకంలో ఉన్నాయంట. నీలిరంగు రాత అన్నయ్యదే. ఏం జరిగినా నా ఇష్టంతోనే అని రాసి సంతకం పెట్టాడంట. పుస్తకం దాచమను, దాచమను అంటున్నాడు."

రాడ్ భాస్కరం చేతిలోంచి జారి నేల మీద పడింది.

నీలి సిరా. ఇంగ్లీషు గీతలు. శోభ పెరటి వైపు తిరిగింది. కొడుకును కాపాడే సాక్ష్యాన్ని తన చేతులతో తానే పొయ్యిలో పెట్టింది.

"ఇంకోటి నాన్నా. వేణు ఎక్కడున్నాడో అన్నయ్యకు తెలుసంట. జనం కర్రలతో వస్తుంటే, 'రెండో సురంగంల ఉంట, నువ్వు లేసి చెప్పినంకనే బయటికొస్త' అని అన్నయ్యకు స్పృహ పోకముందే చెవిలో చెప్పి పోయాడంట. అది ఎక్కడ తవ్వాడో మాత్రం అన్నయ్యకు తెలీదు. దాన్ని పళ్ళెంతో కనిపెట్టడమే వాళ్ళ పందెం. అన్నయ్య ముందే చూసెయ్యకుండా వేణు మ్యాపు పేజీలను ఎర్రదారంతో కుట్టేశాడంట. ఆ సురంగం కూడా పాత లైన్లలోనే ఉండి ఉండాలంటున్నాడు."

సదానందం గొడ్డలి దించాడు. "ఏం కట్టె పెట్టిండో అడుగు సారూ."

భవ్య అడిగి చెప్పింది. "జామాయిల్ గుంజలంట. పచ్చివి. మొన్ననే కొట్టి తెచ్చాడంట."

"పచ్చి జామాయిలా?" సదానందం ఒక అడుగు ముందుకేశాడు. "అది సరిగ్గ మాట్లాడది సారూ. ఒక్కసారి అని పడిపోతది. ఇయ్యాల ఏం వారం?"

అందరికీ తెలుసు. నిన్న ఆదివారం. ఆదివారం ఓపెన్‌కాస్టులో, ఊరి పక్కన బొగ్గు కోసం తవ్విన పెద్ద గుంతలో, మందు పెట్టి పేల్చరు. ఇవాళ సోమవారం. రోజూ మధ్యాహ్నం రెండున్నరకు పేలుస్తారు. గిన్నెలు కదులుతాయి, కిటికీలు అదురుతాయి. అంత దూరంలోని ఈ క్వార్టరుకే అంత అదురు. పాత లైన్లయితే సరిగ్గా ఆ గుంత అంచునే ఉన్నాయి. అందుకే అక్కడివాళ్ళను ఎప్పుడో ఖాళీ చేయించారు, కంచె వేశారు. అందులో మనిషి ఉంటాడని ఎవరూ అనుకోరు.

శోభ అప్పటికే పెరట్లో ఉంది. పొయ్యిలో చెయ్యి పెట్టింది. పట్టుకారు కోసం చూడలేదు. చర్మం చుర్రుమంది, వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. బొగ్గు పెళ్ళలు తోసేసి లాగింది. అట్టలు లేవు. అంచులు లేవు. పై పేజీలు నల్ల రేకుల్లా గాలికి ఎగిరిపోయాయి. ఏనుగులు, ఒంటెలు, కాగే నూనె, శ్యామ్ సంతకం, అన్నీ బూడిద. కుట్టి ఉన్నందుకో ఏమో, గాలి చొరక ఆ రెండు పేజీలు మాత్రం మధ్యలో అరచేయంత మిగిలాయి. పళ్ళతో ఎర్రదారం తెంపింది.

సగం బొమ్మ. గీతలు, బాణం గుర్తులు. ఎటు నుంచి ఎటో, ఎన్నో వరుసో, అదంతా కాలిపోయింది. కింద ఒక్క మాట మిగిలింది.

"అవ్వ పొయ్యి కింద."

పట్టాభిరామయ్య ఆమె భుజం మీదుగా చూసి, "ఎవరి అవ్వ? ఏ పొయ్యి?" అన్నాడు.

"నేనే సారూ," అంది శోభ. కాలిన చేతిని రొమ్ముకు అదుముకుంది. "వాడు నన్ను అవ్వా అంటడు. ఆ లైన్లల్ల తొమ్మిదో నంబర్ల వాణ్ణి కన్న. పన్నెండేండ్లు ఆ పొయ్యి కాడనే వండిన. వాడు ఆ పొయ్యి పక్కనే పడుకునేటోడు."

గుంత వైపు నుంచి సైరన్ మోగింది. సన్నగా మొదలై, పెరిగి, ఊరంతా నిండింది.

"మొదటిది," అన్నాడు సదానందం. "పది నిమిషాలకు రెండోది. అది ఆగంగనే పేలుస్తరు. సారూ, ఫోన్ చెయ్యుండ్రి!"

పట్టాభిరామయ్య గుంతలో పేల్చేవాళ్ళకు చేశాడు. మళ్ళీ చేశాడు. పేలుడు మందు దగ్గరికి పోయేముందు సెల్లులన్నీ ఆపేసి పక్కన పెట్టాలి. అది రూలు. ఆ రూలు పాటించడంలో ఎవరూ తప్పు చేయలేదు కాబట్టి ఏ ఫోనూ పలకలేదు.

ఆయన ఫోను దించాడు. నేల మీద సొట్టపోయిన పళ్ళెం, దాని మీద తన కొడుకు నెత్తురు. ఎదురుగా కాలిన చేతితో ఇంకో కొడుకు తల్లి. జేబులోంచి జీపు తాళాలు తీశాడు.

"ఎక్కండి."

సదానందం తిరిగి భాస్కరాన్ని చూశాడు. "నువ్వు కూడ రా. రాయి లేపాలంటే రెండు చేతులు కావాలె. నాది నువ్వే ఇరగ్గొట్టినవ్."

భాస్కరం తల దించుకుని ఎక్కాడు. వాకిట్లో కర్రలు పట్టుకున్నవాళ్ళు పక్కకు జరిగి తోవ ఇచ్చారు. శోభ ఎందుకో తనకే తెలియకుండా పళ్ళెం చేతిలోకి తీసుకుంది.

*

జీపు కంచె దగ్గరున్న గేటును గుద్దుకుని లోపలికి పోయింది. ఎర్రజెండా పట్టుకున్న మనిషి దూరం నుంచి చేతులు ఊపుతూ అరుస్తున్నాడు. "అతనికి చెప్పండి! ఆపమని చెప్పండి!" అని పట్టాభిరామయ్య మోటారుసైకిలు మీద వెనకాల వచ్చినవాణ్ణి అటు తరిమాడు. అతను చేరేసరికి ఎంతవుతుందో, ఆ మనిషి పరుగెత్తి గుంత దాకా పోయేసరికి ఎంతవుతుందో!

పాత లైన్లంటే ఇప్పుడు లైన్లు లేవు. కప్పులు లేని మొండిగోడలు, తలుపులు లేని సందులు, తుమ్మ కంప. అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి. నంబర్లు చెరిగిపోయాయి. మగవాళ్ళు ముగ్గురూ నాలుగు దిక్కులా చూస్తూ నిలబడ్డారు. శోభ నిలబడలేదు. కళ్ళు మూసుకున్నా పోగలదు ఆ ఇంటికి. బోరింగు మొండెం దాటి, మూడో సందు తిరిగి, పొగ పట్టిన మూల ముందు ఆగింది. గోడ మీద పన్నెండేళ్ళ వంట మసి. దాని కింద పొయ్యి గద్దె. గద్దె ముందరి షాబాదు బండ పక్కకు జరిపి మళ్ళీ కప్పినట్టు కొత్త మట్టి.

మోకాళ్ళ మీద పడి, పళ్ళెం అంచుతో బండ మీద మూడు సార్లు కొట్టింది. "బిడ్డా! వేణూ!"

ఏమీ లేదు.

మళ్ళీ మూడు సార్లు. "నేను బిడ్డా, అవ్వను! శ్యామ్ లేసిండు! నీ తప్పేం లేదని చెప్పిండు! బయటికి రా!"

భూమి లోపలి నుంచి, చాలా దూరం నుంచి వచ్చినట్టు, సన్నటి గొంతు.

"అవ్వా… కాలు ఇరికింది… రాత్రి సంది…"

శోభ గోళ్ళతో మట్టి పెకిలించింది. భాస్కరం, పట్టాభిరామయ్య చెరో పక్క బండ అంచు కిందికి వేళ్ళు దూర్చారు. "ఊఁ, పట్టండి! లేపండి!"

"ఆగుండ్రి!"

సదానందం నేల మీద పడుకుని చెవి ఆనించి ఉన్నాడు. విరిగిన చెయ్యి పక్కన వేలాడుతోంది. బాగున్న చెయ్యి గాలిలోకి లేచి ఉంది. అతని మొహంలో నెత్తుటి చారలు తప్ప ఇంకే రంగూ లేదు.

"ఎవ్వరు కదలకుండ్రి. బండ గుంజల మీదనే కూసుంది. లేపితే అన్ని పోతయ్."

అందరూ ఉన్నచోటే బిగుసుకుపోయారు. ఆ నిశ్శబ్దంలో, ఇరవై ఆరేళ్ళుగా మొగుడు అన్నం తింటూ చెబితే మాత్రమే విన్న చప్పుడును శోభ మొదటిసారి తన చెవులతో విన్నది. సరిగ్గా ఆమె మోకాళ్ళ కింద.

టక్.

కొంచెం ఆగి, టక్ టక్.

గుంత వైపు నుంచి రెండో సైరన్ మొదలైంది.